పన్నెండో మెట్టు

“ఊరికేగా ఉన్నావు, నా చొక్కాలు కాస్త ఇస్త్రీ చెయ్యి” అన్నాడు ఆయన. ఆమె అప్పుడు ఒక కన్ను పాలపొంగు మీద వేసి, రెండు చేతులతో అత్తగారి మాత్రలు వేళల వారీగా సర్దుతోంది. ఆ ఇంట్లో ఊరికే అన్న మాటకు రెండర్థాలు. ఆమె ఖాళీగా ఉందని ఒకటి, ఆమె చేసేదానికి జీతం లేదని ఇంకొకటి. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఇరవై ఏళ్లుగా ఆమెకు బోధపడలేదు.

పెళ్లికి ముందు ఓ ఇంజనీరు ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీసేది. మెట్లు గీయడంలో దిట్ట. అందరూ మెట్లమ్మ అనేవారు. మెట్టినింటికి వచ్చాక మెట్లు తుడవడమే తప్ప గీసింది లేదు. గీతలు గీస్తే ఇల్లు నడుస్తుందా అన్నారు అత్తగారు. గీతలు లేకపోతే అసలు ఇల్లు లేస్తుందా అన్న జవాబు ఆమె నాలుక చివర ఇప్పటికీ ఊరుతూనే ఉంది.

ఆయన కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, నత్తకు నడక నేర్పే పాతదాన్ని ఆమె వైపు తోశాడు. తనకు కావలసినవన్నీ తీసేసుకున్నానని, ఉంచుకోవడమో పారేయడమో నీ ఇష్టమని అన్నాడు. నీ ఇష్టం అన్న మాట ఆ ఇంట్లో పారేసే సామాను దగ్గరే వినపడుతుంది. సంగతి విన్న పాత ఆఫీసు స్నేహితురాలు పెన్‌డ్రైవ్‌లో, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఎక్కించి ఇచ్చింది.

“ఊరికే వస్తుందే ఇది. ప్లాన్లు గీసుకునేది కూడా ఉంది ఇందులో. ముందు పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూడు. కాకపోతే, ఆపేశావంటే నువ్వు చేసిందేదీ మిగలదు.”

“మా వంటింటి పద్ధతే అన్నమాట.”

మధ్యాహ్నం మొదటి గీత లాగేసరికి ఆ ఆఫీసు పెన్సిల్ పొట్టు వాసన ఎక్కడి నుంచో వచ్చింది. ఎత్తు ఆరంగుళాలు, వెడల్పు పది. ఎక్కేవాళ్ల మోకాళ్లు గీసేవాళ్ల వేళ్లకు తెలియాలనేవాడు ఇంజనీరు. వేళ్లకు ఇంకా తెలుసు. పదకొండో మెట్టు దగ్గర అత్తగారి పిలుపు. ల్యాప్‌టాప్ ఆపేసి, అల్మారాలో దాచేసింది. మర్నాడు చూస్తే తెల్లకాగితం. తోమిన గిన్నెలు మళ్లీ సింకులో తేలినట్టు, నాలుగు రోజులూ అదే మొదటి మెట్టు.

ఐదో రోజు, గీసింది చెరగకుండా లినక్స్‌ను ల్యాప్‌టాప్‌లోకే ఎక్కించే ఇన్‌స్టాల్ దగ్గరకు వెళ్లింది. పాతవన్నీ చెరిగిపోతాయి, సమ్మతమేనా అని అడిగింది యంత్రం. తనను ఆ మాట అంతకుముందు ఎవరడిగారా అని చాలాసేపు వెతుక్కుంది. ఎవరూ తట్టలేదు. ఇన్నాళ్లూ నోరు నొక్కుకున్న మనిషి, ‘అవును’ నొక్కింది.

ఆ సాయంత్రం అత్తగారు పిలిచినా, వస్తున్నా అత్తయ్యా అంటూనే కదలకుండా పన్నెండోది గీసింది. ఆయన వెనక నిలబడి తొంగి చూశాడు.

“ఎక్కడికే ఈ మెట్లు? పైన ఏమీ లేదుగా. లే, ఆకలేస్తోంది.”

ఆమె బొమ్మను భద్రం చేసి, తాపీగా లేచింది.

“ఇవాళ ఇక్కడిదాకా వచ్చానండీ. రేపు ఇక్కణ్ణించే మొదలుపెడతాను.”