అవతలి గట్టున ఎర్రగుడ్డ

నడుస్తూ నడుస్తూ బుల్లమ్మ ఎడమచెయ్యి తలమీదికి ఎత్తి, అక్కడేమీ లేదని గుర్తొచ్చి దించుకుంది. సముద్రమొడ్డు చింతపల్లిలో బయల్దేరినప్పటినుంచీ ఇదే తంతు. ఎండుచేపల గంప ఊరూరా మోసీ మోసీ నడినెత్తిన జుట్టు పలచబడిపోయింది. గంప లేని తల తనది కానట్టుంది.

"బరువు దిగిపోనాదంటే నమ్మవేటి వొదినా? ఇంకా తడుంకుంటన్నావు!" అని నవ్వింది వెనకాల వస్తున్న ఆడపడుచు దేముడమ్మ.

బుల్లమ్మ కుడిచేతిలో వెదురుకర్ర, దాని కొనకు పాత ఎర్రచీర ముక్క. తుఫానులో కొడుకు కొండబాబు పడవ తిరిగి రాని రోజున, పూరీదాకా ఒడ్డెంబడే నడిచొస్తానని జగన్నాథుడికి మొక్కింది. వాడు మర్నాడే వచ్చాడు. ఆమెకే కాళ్లు కదల్లేదు. తను లేనప్పుడు మళ్లీ తుఫానొస్తే? వాడికి జ్వరమొస్తే? కోడలు పొయ్యి ఆర్పడం మరిచిపోతే? ఏళ్లు గడిచిపోయాయి. ఆఖరికి వాడే ఉపాయం చెప్పాడు.

"నువ్వు ఒడ్డెంట నడు. నాను సేపలు ఏటాడుకుంటా నీటెంట వస్తాను. ఎర్రగుడ్డ కనబడితే నువ్వు బాగున్నట్టే."

కళింగపట్నం దాకానే వాడు రాగలిగేది. నిన్న సాయంత్రం ఒడ్డుకొచ్చి ఫోన్ చేశాడు: "రేపు వంశధార దాటి అవతల కర్ర పాతీయే అమ్మా. సూసి ఎనక్కెలిపోతాను."

ఏరు సముద్రంలో కలిసేచోట నాటుపడవ ఆగి ఉంది.

"పడవకి సిల్లేటీ లేదు కదా బాబూ?" అంది బుల్లమ్మ.

"నీకన్నా గట్టిదే. ఎక్కమ్మా," అన్నాడు పడవవాడు.

పడవ పైకి లేచినప్పుడల్లా ఆమె కర్రని కావిలించుకుంది. కళ్లు తెరిచేసరికి ఇసుక.

అవతలి గట్టున కర్ర పాతింది. ఊపి చూసింది. తడి ఇసుక కుప్పపోసి తొక్కింది. మళ్లీ ఊపింది.

"ధొజస్తంబం ఎత్తుతన్నావేటి వొదినా?"

"గాలికి పడిపోతే? ఆడు బెంగెట్టుకుంటాడు."

ఆ మాట అనేసి తనే ఆగిపోయింది. తనకోసం ఒకరు బెంగపడతారన్న ఊహ ఆమెకు కొత్తగా, కొంచెం తియ్యగా ఉంది.

దూరంగా ఒక పడవలో తువ్వాలు ఊగింది. ఊగి ఊగి, పడవ దక్షిణానికి తిరిగింది. అది చుక్కయ్యేదాకా బుల్లమ్మ నిలబడింది. భయం వస్తుందనుకుంది. వచ్చింది కూడాను, కానీ గంపంత లేదు, గుప్పెడే.

"పదే, ఎండెక్కీసినాది," అంది. చెయ్యి మళ్లీ తలమీదికి వెళ్లింది. ఈసారి కొంగు కప్పుకోడానికి.

వెనకాల, కర్ర మొదట్లో ఇసుక నెమ్మదిగా ఆరుతోంది. పైన ఎర్రగుడ్డ టపటప కొట్టుకుంటోంది.