సలహాలమ్మ అడిగిన ప్రశ్న

"పొయ్యి మీద పాలు పొంగితేనే చూసుకోలేవు, దేశం కాని దేశం వెళ్ళి ఏం ఉద్ధరిస్తావు?" అన్నాడు భర్త, ఇస్త్రీ చొక్కాలో చేతులు దూరుస్తూ. ఆ చొక్కా ఉతికింది ఆమె. ఇస్త్రీ చేసింది ఆమె. పాలు పొంగింది కూడా ఆ ఇస్త్రీ దగ్గర నిలబడ్డందుకే. ఆ ముక్క అనబోయి ఊరుకుంది. ఈ ఇంట్లో ఆమె అనబోయి ఊరుకున్న మాటలన్నీ అచ్చేస్తే ఒక ఆదివారం అనుబంధం నిండుతుంది. గుడ్డ తెచ్చి పొయ్యి తుడిచి, మిగిలిన పాలతో ఆయనకి టీ, అత్తగారికి టీ కలిపి, తనకి మాత్రం ఆఫీసులో తాగొచ్చులే అనుకుంది.

ఆఫీసంటే పత్రికాఫీసు. విలేకరి ఉద్యోగమే ఇచ్చారు గాని వార్త రాయమని ఎప్పుడూ పంపలేదు. చేరీ చేరగానే ఇంటి పేజీ చేతిలో పెట్టారు. కిటికీ అద్దాలు దేనితో తుడవాలి, పిల్లాడు అన్నం తినకపోతే ఏం చెయ్యాలి, ఆడపడుచు అలిగితే ఎలా పలకరించాలి, ఇలా పాఠకులు అడుగుతుంటే 'సలహాలమ్మ' అనే పేరుతో ఆమె జవాబులు రాసేది. చదివేవాళ్ళు సలహాలమ్మంటే తల పండిన పెద్దావిడ అనుకునేవారు. ఆమెకింకా ముప్ఫై నిండలేదు. ఆఫీసులో అదే ముద్దుపేరైపోయింది. "సలహాలమ్మా, మా ఆవిడ పుట్టింటికెళ్ళింది, గుడ్డు ఎంతసేపు ఉడకాలో చెప్పు తల్లీ" అని పెద్ద విలేకరులు నవ్వుకునేవారు. అచ్చుకి వెళ్ళే ముందు మొదటి పేజీని సంపాదకుడు ఒత్తులూ దీర్ఘాలతో సహా చూస్తాడు. ఇంటి పేజీకి మాత్రం సంతకం పెట్టడమే తప్ప కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. ఆ పేజీని అంతమంది చదువుతారని ఆఫీసు హాల్లో ఏ మగవాడికీ తెలియదు.

అలాంటి మనిషికి విదేశం వెళ్ళే అవకాశం ఎలా వచ్చిందంటే, పెద్ద విలేకరి పాస్‌పోర్టు గడువు తీరిపోయిందని విమానం ఎక్కాల్సిన వారంలోనే తెలిసింది. పాస్‌పోర్టు ఎవరికుందని హాలంతా వాకబు చేస్తే ఆమె ఒక్కతే చెయ్యెత్తింది. పెళ్ళయిన కొత్తలో హనీమూన్‌కని తీసుకున్న పాస్‌పోర్టది. సరిగ్గా హనీమూన్‌కి బయల్దేరాల్సిన వారమే ఆడపడుచు కాన్పుకి వచ్చింది. "హనీమూన్ ఎక్కడికి పోతుంది, పురిటి మనిషిని వదిలేసి వెళ్తామా" అన్నాడు భర్త. బాలింతకి పథ్యం వండి, పసిబిడ్డ గుడ్డలు ఉతికింది ఆమె. ఒక్క ముద్రా పడని ఆ చిన్న పుస్తకం ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది.

వెళ్ళే రోజున అత్తగారికి ఇష్టమో కాదో తెలియలేదు. ఆవిడ సంతోషానికీ కోపానికీ ఒకటే ముఖం. గుమ్మం దాకా వచ్చి, "అక్కడ చలిట, చెవులు కప్పుకో" అంది. అంతే.

ఆమె వెళ్ళింది ఒక రేవు పట్టణానికి. ఓడరేవుల అధికారుల సదస్సు జరుగుతోంది, ఉపన్యాసాలు రాసి పంపితే చాలన్నారు. మొదటి రోజు అలాగే పంపింది. రెండో రోజు ఉదయం సదస్సుకి వెళ్తుంటే దారి మూసేశారు. చేపల్ని శుభ్రం చేసి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ ఆడవాళ్ళందరూ రోడ్డు మీద బైఠాయించారు. రబ్బరు బూట్లు, మోకాళ్ళ దాకా ఏప్రన్లు, చేతులకి ఉప్పునీళ్ళ పగుళ్ళు. మిగతా విలేకరులు చుట్టుదారిన సదస్సుకి వెళ్ళిపోయారు. ఆమె కారు దిగిపోయింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఒకావిడ విషయమంతా చెప్పింది.

ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ మెడలో వేలాడే బిళ్ళ మీద వాళ్ళ పేరుండదు, మొగుడి పేరుంటుంది. క్వార్టర్లు మగవాళ్ళ పేరు మీద ఇచ్చారు కాబట్టి బిళ్ళలూ అలాగే కొట్టించారట. ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఈమధ్య ఒకమ్మాయి చెయ్యి యంత్రంలో పడింది. బిళ్ళ మీద పేరు చూసి, ఫలానా మగమనిషిని చేర్చుకున్నామని ఆసుపత్రివాళ్ళు రాసుకున్నారు. కన్నతల్లి పరుగున వచ్చి కూతురి పేరు చెబితే, ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరని గేటు దగ్గరే నిలబెట్టేశారు. కూతురు లోపలుంది, తల్లి వాననీళ్ళలో బయటుంది, తెల్లారేదాకా అంతే.

"మా పేరు మాకు కావాలి. ఇంకేం అడగట్లేదు" అందావిడ, మెడలో బిళ్ళ తీసి రోడ్డు మీద పెడుతూ. అప్పటికే అక్కడ బిళ్ళలు గుట్ట పడ్డాయి.

మధ్యాహ్నానికి ఇంటర్నెట్ ఆపేశారు, సెల్‌ఫోన్లు మూగబోయాయి. హోటల్లో ఒక్క పాత ల్యాండ్‌లైన్ పనిచేస్తోంది, దాని ముందు విలేకరుల వరస. ఆమె వంతు వచ్చేసరికి ఆఫీసు లైన్లన్నీ బిజీ. ఎన్నిసార్లు తిప్పినా అదే కూత. వెనక నిలబడినవాళ్ళు సణుగుతున్నారు. ఈ వరస వదిలితే వార్త ఇక లేనట్టే. ఇంకేమీ తోచక ఇంటికి చేసింది.

"ఆఁ, సమయానికి చేశావు. నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావు?" అన్నాడు భర్త.

"కాగితం తీసుకోండి. నేను చెప్పేది రాసుకోవాలి."

"నేనా?"

"మీరే. ఫోను స్పీకర్లో పెట్టి రాయండి. ఆఫీసు లైను దొరకట్లేదు. రాశాక అక్కడికి ఫోన్ చేసి చదివి వినిపించండి. మీకు లోకల్ కాలే కదా, కాసేపు ఆగితే దొరుకుతుంది."

పెళ్ళయ్యాక ఆయన ఆమె మాటని మధ్యలో తుంచకుండా మొదటి నుంచి చివరిదాకా విన్నది అదే మొదలు. మధ్యలో ఒకసారి, "ఈ వాననీళ్ళ సంగతి అవసరమా?" అన్నాడు. "నేను చెప్పింది చెప్పినట్టు రాయండి" అంది. తన గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు. వెనకాల ఎక్కడో అత్తగారు కూరగాయలు తరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. వార్త ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది.

"చివర్లో నా పేరు చెప్పడం మర్చిపోకండి. మొదటి పేజీకి వెళ్ళే వార్త ఇది."

"ఆఁ ఆఁ, తెలుసులే."

తిరిగొచ్చేసరికి పత్రిక బల్ల మీదే ఉంది. మొదటి పేజీ, పై సగం. ఒక్క వాక్యం కోసెయ్యలేదు, ఒక్క మాట మార్చలేదు. కింద భర్త పేరు, నల్లటి అక్షరాల్లో.

నిలబడి చదివింది. కూర్చుని చదివింది. ఎన్నిసార్లు చదివినా అదే పేరు.

"అడిగినవాడెవడో కొత్త కుర్రాడు. పేరు చెప్పండి అన్నాడు, చెప్పాను. పేరడిగితే ఎవరైనా సొంత పేరేగా చెప్తారు" అన్నాడు భర్త.

"మరి ఆ పొద్దున పేపరు చూశాకైనా ఆఫీసుకి ఫోన్ చెయ్యలేదేం?"

జవాబు ఆయన నోట రాకముందే తెలిసింది. బీరువా పక్కన, రచయిత హోదాకి తగ్గట్టు కొనుక్కున్న కొత్త కోటు వేలాడుతోంది. ఆయన పనిచేసే బీమా ఆఫీసులో మేనేజరు కుర్చీలోంచి లేచి మరీ చెయ్యి కలిపాడట. "మీలో ఇంత రచయిత ఉన్నాడని తెలీదే" అన్నాడట. ఆయన కాదనలేదు. "ఇందులో నీదీ నాదీ ఏముంది? ఇద్దరిదీ ఒకే ఇల్లు. ఒక్క పేరు కోసం ఇంత రాద్ధాంతమా?" అన్నాడు. బిళ్ళల మీద మొగుళ్ళ పేర్లున్నాయని రోడ్డెక్కిన ఆడవాళ్ళ వార్తని స్వయంగా తన చేత్తో రాసుకున్న మనిషి! అత్తగారు పీట మీద కూర్చుని ఇద్దరినీ చూసింది.

మర్నాడు సంపాదకుడి గదికి వెళ్ళింది. ఆయన మంచివాడే, కుర్చీ చూపించాడు.

"చూడమ్మా, పొరపాటు మాదే, అక్కడెవరో రాసిచ్చారనుకున్నాం. కానీ మొదటి పేజీలో సవరణ వేస్తే పత్రిక పరువేం కాను? అదీగాక బయటివాళ్ళ పేరైతే ఆలోచించేవాళ్ళం. మీ ఆయన పేరేగా."

ఆ మాటకి ఆమె ఏడుస్తుందనుకున్నాడేమో, నీళ్ళ గ్లాసు ముందుకి జరిపాడు. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. చిత్రమేమిటంటే ఆ మంటలోనే మనసు తేటపడింది. గేటు దగ్గర నిలబడ్డ ఆ తల్లినీ ఇలాంటి మర్యాదస్తుడే ఎవడో 'అమ్మా' అంటూనే ఆపేసి ఉంటాడు. "సరే సార్" అని లేచి వచ్చి, తన బల్ల దగ్గర కూర్చుని ఇంటి పేజీ తయారు చేసింది. కిటికీ అద్దాల గురించి ఒక జవాబు, ఉలెన్ బట్టల గురించి ఒక జవాబు. పేజీ నడిమధ్యన ఇలా రాసింది:

"ఇన్నాళ్ళూ మీరు అడిగారు, నేను జవాబు చెప్పాను. ఈ వారం నేను అడుగుతున్నాను, మీరు చెప్పండి. గత వారం మొదటి పేజీలో వచ్చిన చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్ళ వార్త నేను రాసింది. ఆ రోడ్డు మీద వాళ్ళ పక్కన కూర్చున్నది నేను. దాని కింద నా భర్త పేరు పడింది. ఇంట్లో అడిగితే ఇద్దరిదీ ఒకే ఇల్లన్నారు. ఆఫీసులో అడిగితే మీ ఆయన పేరేగా అన్నారు. మీరైతే ఏం చేస్తారు? సలహాలమ్మ అనే పేరు పత్రికవాళ్ళు పెట్టింది. అమ్మానాన్నలు పెట్టిన నా పేరు కింద ఉంది."

కింద ఇంటిపేరుతో సహా రాసింది. పేజీ తీసుకెళ్ళి సంపాదకుడి ముందు పెట్టింది. ఆయన ఫోన్లో మాట్లాడుతూనే సంతకం పెట్టేశాడు, ఎప్పటిలాగే.

పేజీ వచ్చిన పొద్దున్నే భర్త పేపరు మంచం మీద విసిరికొట్టాడు. "నా పరువు బజారుకీడ్చావు" అన్నాడు. "మీ పేరు నేనెక్కడా రాయలేదండీ. నా పేరే రాసుకున్నాను" అని చెప్పులేసుకుంది. ఉద్యోగం ఊడుతుందనే అనుకుంది. ఊడితే ఊడనీ అనుకోవడానికి బస్సు దిగేదాకా పట్టింది.

హాల్లో అడుగు పెట్టేసరికి ఫోన్లు మోగుతున్నాయి. ఒకటి పెడితే ఇంకొకటి. సంపాదకుడు ఎర్రబడ్డ ముఖంతో గదిలోంచి వచ్చాడు గాని, ఆయన మాట ఆ మోతలో ఎవరికీ వినబడలేదు. ఒక నర్సు చేసింది. ఒక బడిపంతులమ్మ చేసింది. తన పరిశోధన మీద అన్నగారి పేరు వేశారని ఒకావిడ ఏడ్చింది. కుట్టుమిషను పెట్టుకున్నావిడ, తన కొట్టుకి మామగారి పేరుందని, ఇవాళే బోర్డు దింపించానని చెప్పింది. "సలహాలమ్మ పేరు వేసేదాకా మీ పేపరు మా ఇంట్లోకి రాదు" అని చెప్పినవాళ్ళు ఎందరో. గుడ్డు ఉడకబెట్టడం తెలియని పెద్ద విలేకరులందరూ తలా ఒక ఫోను పట్టుకుని, "అలాగేనమ్మా, చెప్తామమ్మా" అంటూ వినయంగా తలలూపుతున్నారు. చూడ ముచ్చటగా ఉంది.

మధ్యాహ్నం టెలిఫోన్ ఆపరేటరు ఆమె దగ్గరికి వచ్చింది.

"ఒక పెద్దావిడ చేశారండీ. సంపాదకుడితోనే మాట్లాడతానంటే కలిపాను. పేరు అడిగితే ఆ వార్త చెప్పినమ్మాయి అత్తగారినన్నారు."

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఏమన్నారు?"

"లైన్లో ఉండి విన్నాను, ఏమనుకోకండి. 'స్పీకర్లో మొదటి నుంచి చివరిదాకా విన్నాను. చివర్లో తన పేరు చెప్పమంది. మావాడు తెలుసులే అన్నాడు. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి చెప్తాను' అన్నారు. మన సార్ రెండుసార్లు 'అలాగేనండి' అన్నారు."

అప్పుడొచ్చింది ఏడుపు. హాలంతా చూస్తుండగానే, కళ్ళు తుడుచుకోకుండా ఏడ్చింది.

మర్నాటి పత్రికలో మొదటి పేజీ పై సగంలో, అదే సైజు అక్షరాల్లో, ఆమె పేరు పడింది. పత్రిక క్షమాపణ చెప్పుకుంది. ఆ వారంలోనే చేపల ఫ్యాక్టరీ దిగివచ్చిందని, సొంత పేర్లతో కొత్త బిళ్ళలు పంచుతున్నారని కబురొచ్చింది. సంపాదకుడు ఆమెని పిలిచి, "ఆ వార్త రాయడానికి మళ్ళీ నువ్వే వెళ్ళాలమ్మా" అన్నాడు. ఇంటి పేజీ ఎవరికిమ్మంటావని అడిగితే, ఉడికిన గుడ్ల విలేకరి వైపు చూపించింది.

సూట్‌కేసు సర్దుకుంటుంటే భర్త గుమ్మంలో నిలబడ్డాడు. ఈమధ్య ఆయన మాటలకి తడుముకుంటున్నాడు.

"మళ్ళీ ఫోన్లు పోతే ఇంటికి చెయ్యి. నేను రాసి పెడతాలే."

"మీకెందుకండీ శ్రమ. అత్తయ్యకి చేస్తాను."

అత్తగారు అప్పటికే బల్ల ముందు కూర్చుని ఉంది. ముక్కు మీద కళ్ళద్దాలు, ముందు తెల్లకాగితం, చేతిలో పెన్ను. వంటింట్లో పాలు పొంగిన చప్పుడైంది. అత్తాకోడళ్ళు ఇద్దరూ విన్నారు, ఇద్దరూ కదల్లేదు. ఆయనే పరుగెత్తాడు. "తుడిచే గుడ్డ ఎక్కడుందే?" అని అక్కడి నుంచి కేకేశాడు.

"వెతుక్కోరా, మేం పనిలో ఉన్నాం" అంది అత్తగారు. పెన్ను కాగితం మీద ఆనించి, ఒక్కో అక్షరం పెద్దదిగా దిద్దుతూ కోడలితో అంది: "ముందు నీ పేరు రాసి పెట్టుకుంటానమ్మాయ్. మర్చిపోయే మనుషులున్న ఇల్లిది."