ఉతకని గుడ్డ

ఆసుపత్రిలో కాన్పయి అరగంట దాటినా మాయ పడలేదు. నెత్తురు మాత్రం ధారకట్టింది. నర్సమ్మ చకచకా యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేసింది. డాక్టరమ్మ లోపలికి చెయ్యి పెట్టి మాయ తీసి, గర్భసంచి గట్టిపడే మందెక్కించి, కోడలి ప్రాణం నిలబెట్టింది.

"గండం గడిచిందని కాళ్లు చాపుకోకండి, పెద్దమ్మా," అని అత్తగారికి చెప్పింది నర్సమ్మ. "చెయ్యి వెళ్లిన దారినే క్రిమీ వెళ్తుంది. జ్వరమొచ్చినా, చలేసినా, మైల గుడ్డ వాసన మారినా నాకు చెప్పాలి."

"శుభ్రం గురించి నాకు చెప్తున్నావా తల్లీ," అంది అత్త.

ఆమెది ముప్పై ఏళ్ల లాండ్రీ. మరక చూసి, చొక్కా తొడిగినవాడు ముందురోజు ఏం తిన్నాడో చెప్పగలదు. కోడలి గుడ్డ మారీ మారకముందే వేడినీళ్లలో ఫినాయిలు కలిపి ముంచేసేది. మంచం చుట్టూ ఈగ వాలాలంటే జంకేది.

మూడోరోజు సాయంత్రం నర్సమ్మ వచ్చింది. అన్నీ బాగుంటే మర్నాడే ఇంటికి.

"ఎలా ఉందమ్మాయ్?"

"పర్లేదక్కా," అంది కోడలు, దుప్పటి గడ్డందాకా లాక్కుని.

"వాసనేమైనా?"

"ఫినాయిలు వాసన తప్ప ఇంకోటి రానిస్తానా," అంది అత్త గర్వంగా.

నర్సమ్మ రాస్తున్న కలం ఆపింది. "ఈసారి గుడ్డ ఉతకొద్దు పెద్దమ్మా. ఉన్నదున్నట్టు నాకు చూపించండి."

"ఛీ, సిగ్గు కాదూ!"

"ఊరందరి మరకలూ చూసిన మనిషికి ఇంటిపిల్ల మరక సిగ్గా?"

అత్త గుడ్డ ఉన్నదున్నట్టే తెచ్చింది. నర్సమ్మకంటే ముందే ఆమె ముక్కుకు తగిలింది. కుళ్లు వాసన. ఆమె ముఖం పాలిపోయింది.

నర్సమ్మ పొత్తికడుపు నొక్కగానే కోడలు పళ్లు బిగించింది. థర్మామీటరు నూటరెండు చూపించింది.

"చలెప్పట్నుంచి?"

"పొద్దుట్నుంచి. ఇంట్లో మా పెద్దపిల్ల ముద్ద ముట్టట్లేదటక్కా. చెప్తే రేపు పంపరని…"

"ఇల్లెక్కడికీ పోదు. పిల్ల ముద్ద తినాలంటే పెట్టే చెయ్యి ఉండాలిగా."

పది నిమిషాల్లో డాక్టరమ్మ వచ్చింది, సెలైనులో మందులు మొదలయ్యాయి. మందు మొదలెట్టిన మూడోనాటికి జ్వరం దిగి, కోడలు తనంతట తాను లేచి కూర్చుని ఆకలంది. రెండ్రోజులు ఇంటిదగ్గర దాచుకుని ఉంటే విషం ఒళ్లంతా పాకేదని డాక్టరమ్మ చెప్పింది.

అత్త వరండాలో నర్సమ్మ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నా శుభ్రమే దాని కొంప ముంచేది తల్లీ. నీ కడుపు చల్లగుండ."

"శుభ్రం మంచిదే పెద్దమ్మా. ముందు చూడండి, తర్వాత ఉతకండి," అంది నర్సమ్మ. "ఇక చెయ్యి వదులుతారా? దీంతో ఇంకా నాలుగు మంచాల జ్వరం చూడాలి."

అత్త వదిలింది గానీ, ఆ నాలుగు మంచాల దాకా ఆమె వెనకాలే నడిచింది. ప్రతి తల్లి దగ్గరా ఆగి, "పర్లేదు అనకే పిల్లా, ఉన్నది చెప్పు," అంటూ.