మిట్టెక్కిన పడవ

మా ఊరి వన్నాస్‌కు ఉన్న షర్ఫియా, అంటే చేపలు చిక్కే మట్టల తడిక, మా కెర్కెన్నా దీవికి తూర్పున, లోతు తక్కువ మిట్ట మీద ఉండేది. ఖర్జూర మట్టలు బురదలో గుచ్చి, ఒకదానికొకటి అల్లి, ఒడ్డు నుంచి లోపలికి పొడుగ్గా తడిక కట్టేవాడు. తడిక చివర మట్టలతోనే ఒక గది. పోటు మీద నీటడుగు గడ్డి మేయడానికి వచ్చిన చేప, ఆటు మొదలవగానే లోతుకు తిరుగుముఖం పట్టి, తడిక అడ్డం తగిలి, దాని వెంబడే పోయి గదిలో పడేది. వెంటాడి పట్టే పని లేదు. చేసేదంతా నీళ్లే. పున్నమికీ అమావాస్యకీ నీళ్లు ఎత్తుగా వచ్చి దూరంగా పోతాయి కాబట్టి ఆ నాలుగు రోజులూ గది నిండేది. చంద్రుడు సగమైన రోజుల్లో నీళ్లు ఉన్నచోటే కాస్త కదిలి ఊరుకుంటాయి. వాటిని మేం చచ్చిన నీళ్లంటాం. అప్పుడు వన్నాస్ ఇంటి ముందు కూర్చుని బుట్టలు అల్లుకునేవాడు.

ఆ చోటు అతనికి తండ్రి నుంచి వచ్చింది. ఏటా ఎండాకాలం పోగానే పాత మట్టలు పీకి కొత్తవి గుచ్చాలి. మట్టలు నరికి గాడిద మీద ఒడ్డుకు చేర్చేది భార్య తుర్కియ్యా. ఆమె తమ్ముడు మునవ్వర్‌కు కూడా పక్కనే అలాంటి చోటు ఉండేది. బావా బావమరుదులు ఒకరి తడిక ఒకరు కట్టుకునేవాళ్లు. తరువాత చేప తగ్గింది. నీలి పీతలు ఎక్కణ్ణుంచో వచ్చి పడి, గదిలో చిక్కిన కాసిని చేపల్నీ సగం కొరికి వదిలేయసాగాయి. కొన్నేళ్లు చూసి చూసి మునవ్వర్ తన తడికలు వదిలేశాడు. ఇంజను పడవ కొని సంచి వల కట్టాడు. అది సముద్రం అడుగును గీక్కుంటూ పోయే వల. చేప, పిల్ల, గుడ్డు, గడ్డి, ఏదీ మిగలదు. మిట్టల మీద అది లాగకూడదని చట్టం ఉంది. చూసేవాళ్లు మాత్రం ఎప్పుడో గాని రారు.

ఆ బరువైన పడవ మిట్ట మీద తేలాలంటే మామూలు పోటు చాలదు. పున్నమి పోటో అమావాస్య పోటో కావాలి. అంటే సరిగ్గా వన్నాస్ గది నిండవలసిన రోజులు.

ఆ చలికాలం మొదట్లో రెండుసార్లు వన్నాస్ తడిక నడుమకు చిరిగిపోయింది. రెండోసారి చిరిగినప్పుడు మునవ్వర్ అక్క ఇంటికి భోజనానికి వచ్చాడు.

"నేను కాదు బావా. ఈ సముద్రంలో నాదొక్కటేనా పడవ?"

"చాలా ఉన్నాయి. నా తడిక ఎక్కడ వంకర తిరుగుతుందో తెలిసినవాడివి మాత్రం నువ్వే."

"తెలిసినవాడు తప్పించుకుని పోతాడు గానీ పోయి గుద్దుతాడా?"

"నీ కళ్లు వల మీద ఉంటాయి. తడిక మీద ఎందుకుంటాయి?"

తుర్కియ్యా ఇద్దరి మధ్యా కుస్కుస్ పళ్లెం గట్టిగా పెట్టింది. "తినేటప్పుడైనా ఆ మట్టల గోల ఆపుతారా, ఎత్తుకుపోయి గాడిదకు పెట్టమంటారా?"

మునవ్వర్ నవ్వేశాడు. "సరే అక్కా. ఇకమీద ఆ వైపే రాను. సరేనా?"

ఆ తరువాతి పున్నమి దాటిన మర్నాడు, పోటు అన్నిటికన్నా ఎత్తుగా వచ్చే రోజున, వన్నాస్ మధ్యాహ్నమే తన తెరచాప పడవలో పోయి తడిక చివర కట్టుకుని కూర్చున్నాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి. మట్టల కొసలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. కాసేపటికి ఇంజను చప్పుడు వినబడింది. మునవ్వర్ ఒక్కడే వస్తున్నాడు. వల ఇంకా దించలేదు. అడ్డంగా ఉన్న బావను చూసి ఇంజను ఆపాడు.

వన్నాస్ తిడదామనే వచ్చాడు. రాత్రంతా మాటలు కూడా కూర్చుకున్నాడు. తీరా బావమరిది మొహం చూసేసరికి అవి నోటికి రాలేదు. పీక్కుపోయిన మొహం, వారం రోజుల గడ్డం.

"తిన్నావురా?" అన్నాడు.

"పొద్దున ఏదో తిన్నాను."

"ఇటు రా. మీ అక్క రొట్టె పెట్టింది."

మునవ్వర్ లంగరు వేసి బావ పడవలోకి దిగాడు. రొట్టె, హరీసా మిరప ముద్ద, ఆలివ్ నూనె, కాల్చిన చేప ముక్కలు. చిన్న పొయ్యి మీద టీ మరుగుతోంది. మునవ్వర్ తన పడవకు వీపు పెట్టి కూర్చుని ఆవురావురుమంటూ తిన్నాడు.

"హరీసా అక్కే చేసిందా? ఇంత కారం పెట్టి కూడా నువ్వింత చప్పగా ఎలా ఉన్నావు బావా?"

"నీ అక్కతో కాపురం చెయ్, తెలుస్తుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఏడాది దాటింది వాళ్లలా కలిసి నవ్వి. నవ్వు ఆగాక మునవ్వర్ గొంతు తగ్గించాడు.

"వల్లో ఏమీ లేదు బావా. మొన్న లాగితే సగం బురద, సగం పీతలు. ఉత్తరం వైపంతా గీకేశారు. గడ్డి మిగిలింది ఇక్కడే. అందుకే వస్తున్నా."

"ఇదీ గీకేస్తే?"

"ఏం చెయ్యమంటావు? సరే, ఒక పని చేద్దాం. నీ తడిక ఎంతవరకు పోతుందో చూపించు, దానికి బాగా దూరంగా తిరుగుతాను. ఒట్టు."

వన్నాస్‌కు నమ్మాలనిపించింది. అప్పుడే అతని చూపు నీళ్ల మీద పడింది. అంతవరకు ఒడ్డు వైపు వాలి ఉన్న గడ్డి నిటారుగా నిలబడి, మెల్లగా లోతు వైపు వాలుతోంది. ఆటు మొదలైంది. ఈ పోటే ఎత్తైనది. రేపటిది దీనికన్నా తక్కువ, ఎల్లుండిది ఇంకా తక్కువ. ఇప్పుడు మిట్టెక్కిన పడవ మళ్లీ తేలాలంటే అమావాస్య రావాలి. ఒక్క మాట చాలు, 'లేరా, నీళ్లు తిరిగాయి' అంటే మునవ్వర్ ఒక్క గంతున పోయి ఇంజను తిప్పేవాడు.

వన్నాస్ ఆ మాట అనలేదు. టీ ఇంకో గ్లాసు పోశాడు.

"మీ నాన్న మనచేత తడిక ఎలా కట్టించేవాడో గుర్తుందా?" అని అడిగాడు. ముసలాయన కోపాలు, మట్టలు వంకరగా గుచ్చితే పెట్టే చీవాట్లు మునవ్వర్ మళ్లీ మళ్లీ చెప్పుకుని నవ్వాడు. వన్నాస్ మూడో గ్లాసు కూడా పోశాడు. వెనక పెద్ద పడవ మెత్తగా అడుగు ఆనుకుని, మూలిగి, ఒక పక్కకు ఒరిగింది.

ఆ చప్పుడుకు మునవ్వర్ తిరిగి చూశాడు. నీళ్లలోకి దూకాడు. మోకాళ్లు దాటి లేవు. ఇంజను తిప్పితే బురద చిమ్మింది. పడవకు భుజం ఆనించి తోశాడు. వన్నాస్ కూడా దిగి తోశాడు. అది అంగుళం కదల్లేదు. చాలాసేపటికి మునవ్వర్ చేతులు వదిలేసి బావ వైపు చూశాడు.

"నువ్వు ఇటు తిరిగి కూర్చున్నావు. నీళ్లు నీకు కనబడుతూనే ఉన్నాయి."

వన్నాస్ చేతులకంటిన బురద కడుక్కున్నాడు.

"టీ పోస్తున్నప్పుడే తెలుసు కదా నీకు?"

"తెలుసు."

మునవ్వర్ తిట్టలేదు, కొట్టలేదు. నీళ్లలో నడుచుకుంటూ ఒడ్డుకు పోయాడు.

తుర్కియ్యాకు సంగతి తమ్ముడే చెప్పాడు. ఆమె మొగుణ్ణి వాకిట్లోనే నిలదీసింది.

"నేను చేసిన రొట్టె పెట్టి ముంచావా వాణ్ణి?"

"వాడు నన్ను రెండుసార్లు ముంచాడే!"

"వాడు చేసింది ఆకలికి. నువ్వు చేసింది అన్నం పెట్టి. వీధిలో కొట్టుకున్నా నాకింత సిగ్గనిపించేది కాదు."

తరువాత చంద్రుడు తరిగి, చచ్చిన నీళ్లు వచ్చాయి. పడవ పగలూ రాత్రీ ఒక పక్కకు ఒరిగి పడుకునే ఉంది. వచ్చిన ప్రతి కొద్దిపాటి పోటూ దాన్ని కాస్త లేపి కాస్త పడేసేది. సర్కారు పడవ సాయం అడుగుదామంటే, సంచి వలతో మిట్ట మీదకెందుకొచ్చావని ముందు కేసు పెడతారు. వన్నాస్ ఒకరోజు పోయి దూరంగా నిలబడి అన్నాడు.

"ఆ డీజిల్ తోడేసి ఒడ్డున పెట్టుకోరా. పలకలు వదులయ్యేట్టున్నాయి."

"అమావాస్య నాడు ఇంజను నీళ్లతో తిప్పమంటావా? నీ సలహాలు చాలు బావా."

అమావాస్య వచ్చింది. దాంతోపాటు పడమటి గాలి కూడా. రెండు రోజులు ఆగకుండా వీచి నీళ్లను ఒడ్డు నుంచి లోతుకు తోసేసింది. రావలసిన పోటు రాలేదు. అయినా ఊళ్లోవాళ్లం పదిమందిమి తాళ్లు పట్టుకున్నాం. వన్నాస్ కూడా వచ్చి అందరికన్నా ముందు నిలబడి, అరచేతులు తెగేదాకా లాగాడు. మునవ్వర్ ఇంజను పూర్తిగా తెరిచాడు. పడవ కదిలింది. ఆ కదలడంలోనే అడుగు పలకలు విడిపోయాయి, ఇంజను కింద తొట్టి చీలింది. డీజిల్ నీళ్ల మీద రంగులు తిరుగుతూ పరుచుకుంది. మేం తాళ్లు వదిలేశాం. ఆటు మొదలయ్యే వేళ అది. ఆటు చేపను ఎటు తీసుకుపోతుందో డీజిల్‌నూ అటే, తడిక వెంబడే, గదిలోకి తీసుకుపోయింది.

మర్నాడు గదిలో పీతలు కూడా వెల్లకిలా పడి ఉన్నాయి. తడిక పొడుగునా మట్టలు నల్లగా జిడ్డు పట్టాయి. గడ్డి నెల తిరక్కుండా గోధుమ రంగుకు మారి, అడుగు నుంచి ఊడి, ఒడ్డున కుప్పలు పడింది. వన్నాస్ ప్రతి పున్నమికీ పోయి గది చూసి వచ్చేవాడు. ఏమైనా పడిందా అని అడగడం మేమే మానేశాం.

మరుసటేడు మట్టలు నరకాల్సిన రోజుల్లో తుర్కియ్యా కొడవలి తీయలేదు. వన్నాస్ కూడా తీయమనలేదు. ఒకే ఇంట్లో ఉంటారు, కానీ ఆమె అతనికి పళ్లెం పెట్టి, తను లోపల వేరుగా తింటుంది. మునవ్వర్ ఇప్పుడు వేరొకరి సంచి వల పడవలో కూలికి పోతున్నాడు. నీళ్లు ఎత్తుగా వచ్చే మధ్యాహ్నాల్లో ఆ పడవ ఒకప్పుడు తడిక ఉన్న మిట్ట మీదుగా నేరుగా, ఎక్కడా పక్కకు తిరగకుండా పోతుంది. ఒడ్డున వన్నాస్ ఉంటే మునవ్వర్ మొహం అవతలికి తిప్పుకుంటాడు. వన్నాస్ కాసేపు చూసి, చేతిలో అల్లుతున్న బుట్ట కింద పెట్టి, ఇంట్లోకి పోయి పడుకుంటాడు.