అట్టపెట్టెలకు పడిన ఓటు

కళ్లద్దాల షాపాయనకి నాటకాల పిచ్చి అంటించింది బావమరిదే. అక్క పెళ్లి మాటల్లో ఉండగా, కాబోయే బావని నాటకానికి తీసుకెళ్లి, ఎక్కడెక్కడ నవ్వుతాడో పక్కనుంచి గమనించి, ఇంటికెళ్లి "పర్లేదక్కా, చేసేసుకో" అని తీర్పు చెప్పిన మనిషి. అలాంటివాణ్ణి అనుమానించాల్సిన రోజొకటి వస్తుందని షాపాయన కలలో కూడా అనుకోలేదు.

ఆ ఏడాది కొత్త నాటకాల్లో మొదటి బహుమతి దేనికివ్వాలో తేల్చే పని నాటక సంఘంవాళ్లు ప్రేక్షకులకే అప్పగించారు. ఏ నాటకమైనా వదలకుండా చూసే ముగ్గుర్ని పిలిచారు. షాపాయన, ఫొటో స్టూడియో నడుపుకునే ఆయన బావమరిది, పళ్ల డాక్టరమ్మ. అన్నీ చూసి వడపోస్తే చివరికి రెండు మిగిలాయి. 'ఎదురింటి సాక్షి' అనే కోర్టు నాటకం ఒకటి. అందులో మాటకి మాట అంటుకుని మండుతుంది. రెండోది 'అట్టపెట్టెలు'. ఇల్లు ఖాళీ చేస్తున్న మొగుడూ పెళ్లాలు సామాన్లు సర్దుకుంటూ ఉంటారు. నోరు విప్పడం బహు తక్కువ.

సెలవు రోజు డాక్టరమ్మ ఆస్పత్రిలో, రోగులు వంతు కోసం కూర్చునే గదిలో, ముగ్గురూ సమావేశమయ్యారు.

"ఇందులో తర్జనభర్జన ఏముంది? 'సాక్షి'కే," అన్నాడు షాపాయన.

"'అట్టపెట్టెలు'కి," అన్నాడు బావమరిది.

షాపాయన తెల్లబోయాడు. మంచి డైలాగొకటి చెవిన పడితే వారం పాటు దాన్నే చప్పరించే మనిషి, ఈ మూగనోము నాటకాన్ని నెత్తికెత్తుకోవడమేమిటి?

"కోర్టులో ఆ ముసలి సాక్షి జవాబుకి హాలంతా పగలబడి నవ్విందిరా. నువ్వూ నవ్వావుగా!"

"నవ్వాను."

"ఏమన్నాడని నవ్వావో చెప్పు."

"అన్నీ గుర్తుంటాయా బావా? ఎప్పుడూ మాటలేనా, మనుషుల్ని కూడా చూడాలి," అని కిటికీవైపు తిరిగిపోయాడు.

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నాకు ఇంకా ఎటూ తేలలేదు. వచ్చే వారం కూర్చుందాం," అంది.

రెండ్రోజులకి 'సాక్షి' నాటకం మేనేజరు కళ్లద్దాలకి కొత్త ఫ్రేము కావాలని షాపుకొచ్చాడు. ఫ్రేము పెట్టి చూసుకుంటూ, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీ బావమరిదిగారు మొన్న మా దగ్గరికొచ్చారండి. ఆయనడిగింది మేం ఇవ్వలేకపోయాం. అది మనసులో పెట్టుకుని మా నాటకానికి అన్యాయం చెయ్యొద్దని మీరైనా చెప్పండి."

"ఏమడిగాడు?"

"అలాంటివి పైకి అనుకోవడం బాగోదు లెండి," అని మేనేజరు అద్దంలో మొహం చూసుకున్నాడు.

షాపాయన చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. లంచం! ఇవ్వలేదు కాబట్టే పగబట్టాడు. మరి రెండోవాళ్లు ఇచ్చారా?

ఇంటికెళ్లి భార్యని కదిపాడు. "మీ తమ్ముడి వ్యవహారం ఎలా ఉంది ఈమధ్య?"

"ఏమోనండీ. ఫోన్ చేస్తే ఎత్తడు, కాసేపాగి మెసేజ్ పెడతాడు. అంత పనేమిటో?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వీడు గొంతు కూడా దాచుకుంటున్నాడనుకున్నాడు షాపాయన. ఆ ఆలోచనతో అన్నం సహించలేదు. పైగా భార్యకి చెప్పలేడు. తమ్ముడి మీద ఈగ వాలనివ్వదు.

మర్నాడు మధ్యాహ్నం స్టూడియోకెళ్లాడు. తలుపు తెరిచే ఉంది. బావమరిది లోపలి గదిలో, వీపు ఇటు పెట్టి, బల్ల మీద వంగి ఫొటోల అంచులు కత్తిరిస్తున్నాడు. ఎదురుగా నిలబడి అడిగే ధైర్యం లేక షాపాయన గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"ఒరేయ్, నిజం చెప్పు. 'సాక్షి' వాళ్లని ఏమడిగావు? లంచమేనా?"

కత్తెర ఆగలేదు.

"నీతో నాటకాలు చూసినందుకు నాకు సిగ్గుగా ఉందిరా. నువ్విలాంటివాడివని మీ అక్కకి ఏ మొహంతో చెప్పను?"

బావమరిది మెడ కూడా తిప్పలేదు. ఎంత పొగరు! షాపాయనకి ఒళ్లు మండిపోయి, వెళ్లి భుజం మీద చెయ్యేశాడు. అవతలి మనిషి ఉలిక్కిపడి లేచాడు. కత్తెర కిందపడింది.

"బావా! ఎప్పుడొచ్చావు?"

ఆ మొహంలో నటన లేదు. షాపాయన అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"నీకు వినబడదా?"

బావమరిది ఆయన పెదాలవైపు చూసి, తల దించుకున్నాడు. "ఏడాదిగా తగ్గుతూ వస్తోంది. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తాను. ఆ 'సాక్షి'లో లాయర్లు ఒక్కచోట నిలబడి చస్తేగా! అటు తిరిగారంటే నాకు సగం నాటకం పోయినట్టే. నలుగురూ నవ్వినప్పుడు నేనూ నవ్వాను."

"మరి వాళ్లని ఏమడిగావు?" అన్నాడు షాపాయన, అతను తలెత్తాక.

"నాటకం రాసిన ప్రతి. చదువుకుని న్యాయంగా ఓటేద్దామని. ఎవరైనా కాపీ కొడతారని ఇవ్వలేమన్నారు." మళ్లీ బావవైపు చూసి, "వెనకనుంచి ఏదో అంటున్నట్టున్నావు. మళ్లీ అను," అన్నాడు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. షాపాయన తప్పించుకోలేదు. ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా స్పష్టంగా, లంచంతో సహా మొత్తం అప్పజెప్పాడు.

బావమరిది కత్తెర తీసి బల్ల మీద పెట్టాడు. "చెయ్యి చాపేవాడిలా కనబడ్డానా బావా నీకు?" అన్నాడు.

"తప్పైపోయిందిరా."

"తప్పే. అక్కతో మాత్రం చెప్పకు. చెవి సంగతి."

"ఊళ్లోవాళ్ల కళ్లకి రోజూ అద్దాలు తగిలించేవాణ్ణి నేను. నీ చెవికి మిషనంటే నామోషీ ఏమిటి? పద, రేపే వెళ్దాం. అక్కకి కూడా నువ్వే చెప్పు."

"ముందు ఓటు సంగతి తేలనీ," అన్నాడు బావమరిది.

తర్వాతి సమావేశంలో డాక్టరమ్మకి తనే చెప్పేశాడు. "సగం విన్న నాటకం మీద తీర్పు చెప్పకూడదు. నన్ను తప్పించండి."

డాక్టరమ్మ తప్పించలేదు. మేనేజరుకి ఫోన్ చేసి, ప్రతి పట్టుకుని రమ్మంది. అతను వచ్చి, సంగతి విని మొహం ముడుచుకుని, ప్రతి ఇచ్చి ఎదుటి కుర్చీలోనే కాపలా కూర్చున్నాడు. బావమరిది చదువుతుంటే ముగ్గురూ అతని మొహమే చూశారు. ముసలి సాక్షి జవాబు దగ్గర కాబోలు, పకపకా నవ్వాడు. మేనేజరు కాస్త మెత్తబడ్డాడు.

ప్రతి తీసుకుని అతను వెళ్లాక, "మాటలు అద్భుతం," అన్నాడు బావమరిది. "కానీ ఇక్కడ కూర్చుని చదివితేనే మొత్తం అందింది. ఇంక స్టేజెందుకు? నా ఓటు 'అట్టపెట్టెలు'కే."

"చదివినప్పుడు అందిందంటే రాసినవాడి గొప్ప కాదూ? నాది 'సాక్షి'కే!" అన్నాడు షాపాయన.

ఇద్దరూ డాక్టరమ్మవైపు తిరిగారు.

"'అట్టపెట్టెలు'. అందులో ఆవిడ చీర మడతపెట్టి మళ్లీ విప్పిందే, అప్పుడే అనుకున్నాను. మీ పోట్లాట చూసి పైకి అనలేదు."

బావమరిది కళ్లు చిన్నవయ్యాయి. "డాక్టరమ్మగారూ, నిజం చెప్పండి. నా చెవిని చూసి జాలిపడి వేశారా?"

"నేను పళ్లు పీకేదాన్నండీ. జాలిపడితే నా బతుకు సాగుతుందా?"

అయినా అతనికి అనుమానం తీరలేదు. వీధిలోకొచ్చాక కూడా, "నిజంగా నచ్చే వేసిందంటావా?" అని అడిగాడు.

షాపాయన అతని ముందుకొచ్చి, వెనక్కి నడుస్తూ, గొంతు చించుకున్నాడు. "నచ్చే వేసింది! మీ ఇద్దరికీ బుద్ధిలేదు! బహుమతి 'సాక్షి'కే రావాలి!"

ఎదురుగా వస్తున్న సైకిలాయన్ని చూసి, బావమరిది షాపాయన చెయ్యి పట్టి పక్కకి లాగాడు. "అరవకు బావా, జనం చూస్తున్నారు. ఇంకోసారి మెల్లిగా చెప్పు, ఎందుకు రావాలో."