తూర్పు హద్దు: మా పెద్దమ్మ

ఇల్లు మనదేనని రుజువు చేయడానికి చేయవలసిన పనులు:

నాన్న చనిపోయినట్టు మునిసిపాలిటీ నుంచి కాగితం తేవాలి. నాన్నకు అమ్మా నేనూ తప్ప వేరే వారసులు లేరని ఇంకో కాగితం తేవాలి. కరెంటు మీటరు అమ్మ పేరుకు మార్పించాలి. ఇన్నాళ్ళూ ఇంటి పన్ను ఎవరు కట్టారో చూపించాలి. కొలతలు వేయించాలి. ఆఖరున, ఇంటికి ఇరుపక్కలా ఉన్నవాళ్ళ చేత "ఈ హద్దుల మధ్య ఇల్లు వీళ్ళదే, మాకు అభ్యంతరం లేదు" అని సంతకాలు పెట్టించాలి.

ముందు చెప్పిన పనులన్నీ ఆఫీసులు చేయాలి. చెప్పులు అరిగేలా తిరిగితే అవుతాయి. ఆఖరి పని మా పెద్దమ్మ చేయాలి. అది అయ్యేలా లేదు.

మాది పెంకుల ఫ్యాక్టరీ వెనక వరుస ఇళ్ళలో ఒకటి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. పాత యజమాని ఆ ఇళ్ళను మా వాళ్ళకే అమ్మాడు. జీతంలో కోసుకుంటూ అమ్మాడు. కోత పూర్తయింది, యజమాని పోయాడు, మా నాన్నా పోయాడు. కాగితాలు మాత్రం రాలేదు. ఆ తర్వాత ఫ్యాక్టరీనీ నేలనూ ఒక కాంట్రాక్టరు కొన్నాడు. అతనికి పెంకులు అక్కర్లేదు, గోడౌను కావాలి; అది మొదలయ్యేదాకా పని నడిపిస్తున్నాడు. కేసు నడిచింది. ఇంటికో గడువు పెట్టి, ఆ లోపల రుజువు చేసుకున్నవాళ్ళు ఉండవచ్చు, చేసుకోలేనివాళ్ళు ఖాళీ చేయాలి అన్నారు.

మొదట మూలింటి అవ్వ గడువు దాటిపోయింది.

పొద్దున్నే బుల్‌డోజరు వచ్చింది. అవ్వ మంచం, బిందెలు, కుట్టుమిషను వీధిలో పెట్టారు. ఆమె ఆ మిషను మీద చేయి వేసి, ఎవరో కొత్తవాళ్ళ ఇంటిని చూస్తున్నట్టు తన ఇంటిని చూస్తూ నిలబడింది. మేమందరం ఎవరి గుమ్మంలో వాళ్ళం నిలబడ్డాం. బట్టీలో బొగ్గు వేసే మామయ్య ఒక్కడే ముందుకు వెళ్ళి అడ్డుపడ్డాడు.

"ముసలావిడ్ని రోడ్డున పడేస్తారా? మనుషులేనా?"

కాంట్రాక్టరు మనిషి నోట్లోంచి సిగరెట్టు కూడా తీయలేదు. "నా మీద అరవకు. ఈవిడ పక్కింటి సంతకం తేలేదు. పెట్టనిది మీవాళ్ళే. అడుక్కో."

పక్కింటివాడు ఫిట్టరు బాబాయి. ఆయన తలుపు వేసుకుని లోపల ఉన్నాడు.

పదిహేను రోజులు తిరక్కుండా వరుసలో మొదటి పట్టా ఫిట్టరు బాబాయికి వచ్చింది. ఒక పక్క సంతకం మా అమ్మ పెట్టింది, ఆయన మాకు పెట్టాడు కాబట్టి. రెండో పక్క ఇప్పుడు అవ్వ ఇల్లు లేదు, ఖాళీ నేల. ఆ నేల కాంట్రాక్టరుది. కాంట్రాక్టరు నవ్వుతూ సంతకం పెట్టాడు.

వీధి అంతా ఆ సంగతి గమనించింది. పక్కిల్లు కూలితే ఆ పక్క సంతకం సులువు. ఎవరూ పైకి అనలేదు. కానీ ఆ రోజు నుంచి ప్రతివాళ్ళూ పక్కింటి గోడలో బీటలు వెతకడం మొదలుపెట్టారు.

ఫిట్టరు బాబాయి తలుపుకు నీలంరంగు వేయించాడు. పేరుపలక కొట్టించాడు. సాయంత్రం స్టూలు వేసుకుని దాని కింద కూర్చునేవాడు. పని నుంచి వచ్చేవాళ్ళు ఆ పలక చూడకూడదనుకుని మరీ చూసేవారు. నేనూ చూసేదాన్ని. ఈ వీధిలో మొదటి డిగ్రీ నాది. దరఖాస్తులన్నీ రాసిపెట్టింది నేను. మొదటి పట్టా మాకు రాలేదే అని నాకూ కడుపు రగిలింది.

"ఏం బాబాయ్, రంగు ఆరిందా?" అని అడిగితే, "పట్టా ఉన్న తలుపమ్మా, త్వరగా ఆరుతుంది" అనేవాడు.

ఇంట్లోకి రాగానే మా అమ్మ పళ్ళు కొరికేది. "నీలం రంగట. పక్కన కూలిన ఇల్లు చావిల్లులా ఉంటే నీలం రంగు."

మాకు తూర్పున పెద్దమ్మ ఇల్లు. నాన్న వాళ్ళ అన్నయ్య భార్య. అమ్మా ఆమే తోడికోడళ్ళు. ఇద్దరూ పెంకుల అచ్చుల దగ్గర ఒకే బల్లకు అటూ ఇటూ నిలబడి పని చేస్తారు, ఇద్దరి మొగుళ్ళూ పోయారు, ఇద్దరికీ ఒక్కొక్క కూతురు. అక్కడికి పోలిక ఆగింది. నేను కాలేజీలో చేరిన ఏడాదే పెదనాన్న పోయాడు. ఆ ఏడాదే పెద్దమ్మ కూతురు, మా అక్క, చదువు మాని అచ్చుల దగ్గరికి వెళ్ళింది. పెద్దమ్మ ఇంట్లో నేల మంచి ఎర్రపెంకులతో అద్దంలా ఉంటుంది, పెదనాన్న ఏరి ఏరి పరిచాడు. మా నేల వంకర పెంకులది. అందుకని అమ్మకు ఆ నేల మీద కన్ను, పెద్దమ్మకు నా చదువు మీద కన్ను.

డిగ్రీ పట్టా చేతిలో పట్టుకుని తీయించుకున్న నా ఫొటో రెండిళ్ళ మధ్య గోడకు తగిలించినప్పుడు అసలు గొడవ వచ్చింది. అమ్మ కొట్టిన మేకు పొడుగుది. అవతల పెద్దమ్మ దేవుడి పటం పక్కన బయటికి వచ్చి, పిడికెడు సున్నం రాల్చింది.

ఆ రోజు నుంచి వాళ్ళు నేరుగా మాట్లాడుకోలేదు. గోడకు అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు, నా ద్వారా మాట్లాడేవారు.

"పిల్లా! మీ అమ్మతో చెప్పు. మీ డిగ్రీ మీ ఇంట్లో పెట్టుకోమను. మా ఇంట్లోకి పొడుచుకొచ్చింది."

"చెప్పవే," అనేది అమ్మ, అరవనక్కర్లేకపోయినా అరుస్తూ, "ఏం చేస్తాం, పొడుగు చదువు, పొడుగు మేకు అని చెప్పు."

"అంత చదువుకున్నదానికి నా సంతకం ఎందుకట? అదే పెట్టుకోమను."

"ఆవిడకి మాత్రం మన సంతకం అక్కర్లేదా? అద్దంలాంటి నేల చూసుకుంటూ కూర్చుంటే పట్టా వస్తుందేమో అడుగు."

నేను రెండు దరఖాస్తులూ పట్టుకుని గోడ దగ్గర నిలబడేదాన్ని. ఇద్దరి ఇళ్ళూ పోతాయి పెద్దమ్మా అంటే, "పోతే ఇద్దరివీ పోతాయిగా" అనేది. ఆ మాటలో ఆమెకు ఎంత నిమ్మళం ఉండేదో నేను విన్నాను. అలాంటి నిమ్మళం వరుసలో ప్రతి ఇంట్లోనూ ఉంది. ఒకరు మురుగుకాలవ గురించి సంతకం పెట్టలేదు, ఒకరు బట్టల తాడు గురించి, ఒకరు పక్కింటివాడికి సూపర్‌వైజరు పని వచ్చిందని. కాంట్రాక్టరు మా జోలికి రానక్కర్లేకపోయింది. గడువు కోసం ఎదురుచూస్తే చాలు.

అయితే అతనికి అంత ఓపిక లేదు. అదే మాకు మేలు చేసింది.

ఒక మధ్యాహ్నం కూలీలు సమ్మెటలతో వచ్చి ఫిట్టరు బాబాయి గోడ మీద సున్నంతో గీత గీశారు. అవ్వ ఇంటికీ ఆయన ఇంటికీ ఉమ్మడిగా ఉన్న గోడ. ఆదివారం పెంకులు ఆరబెట్టే షెడ్డులో అందరం చేరాం. ఫిట్టరు బాబాయి పట్టా తెచ్చుకున్నాడు, దాన్ని ఎవరికి చూపించాలో తెలియనట్టు పట్టుకున్నాడు.

"గోడలో సగం అవ్వ వాటా అట. అవ్వ నేల కాంట్రాక్టరుదైంది కాబట్టి సగం గోడ కూడా ఆయనదేనట. తన సగం తను కొట్టించుకుంటాడట. పట్టా చూపించాను. పట్టా ఇంటికి, గోడకు కాదన్నాడు."

"నీలం రంగు చూపించలేకపోయావా?" అని వెనక నుంచి ఎవరో. షెడ్డంతా నవ్వింది.

"నవ్వండి. నా గోడ పోతే నా కప్పు నిలవదు. నా కప్పు పోతే ఈ పక్కింటి వదిన గోడకు ఆసరా లేదు. ఆ తర్వాత ఎవరో మీరే లెక్కేసుకోండి."

నవ్వు ఆగింది. బట్టీ మామయ్య లేచాడు. "పక్కింటికి సంతకం పెట్టనివాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఎత్తరు. అందరూ ఎత్తితే షెడ్డు కప్పు లేచిపోతుంది."

అవ్వ కింద కూర్చుని ఉంది. అచ్చుల దగ్గరి ఆడవాళ్ళు వంతులవారీగా ఆమెను ఇంట్లో పెట్టుకుంటున్నారు. ఆమె ఫిట్టరు బాబాయిని అడిగింది. "నాకెందుకు పెట్టలేదురా అబ్బాయ్? నీ పెళ్ళి బట్టలు నేనే కుట్టాను."

ఆయన పట్టాను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీది మూలిల్లు అత్తా. రెండు పక్కలా వెలుతురు. నేను పట్టపగలు లైటేసుకుని అన్నం తింటాను. ఓర్వలేకపోయాను."

"ఇప్పుడు బోలెడు వెలుతురొచ్చిందిగా," అంది అవ్వ.

అప్పుడు పెద్దమ్మ లేచింది. ఎప్పుడూ మీటింగుల్లో మాట్లాడని మనిషి. చేతులకు మట్టి ఆరి తెల్లగా ఉంది.

"నాకు నా తోడికోడలంటే కుళ్ళు," అంది. అమ్మ తల తిప్పుకుంది. "దాని కూతురు ఫొటో నా గోడలోంచి పొడుచుకొస్తే నా గుండెలో దిగినట్టుంది. అది కాలేజీలో చేరిన ఏడాదే నా కూతురు మట్టి పిసకడం మొదలుపెట్టింది. రేపూ కుళ్ళుతాను. ఎల్లుండీ కుళ్ళుతాను. ఎవడొచ్చి చెప్పినా మానను. కానీ నా కుళ్ళు నాది. మా ఇంటిది. దాన్ని ఈ కాంట్రాక్టరుకు అద్దెకెందుకిచ్చాను? అద్దె కూడా పుచ్చుకోకుండా!"

ఎవరూ నవ్వలేదు.

"అయినా మన కుళ్ళు కూడా చూడండి, ఎంత చిన్నదో. పక్కింటి నేల బాగుందని, పక్కింటి తలుపు నీలంగా ఉందని. మనం పెంకులు చేశాం. ఊళ్ళో ఎన్ని మేడల మీద మన పెంకులున్నాయో! ఏ మేడను చూసైనా కుళ్ళామా? ఏడవాలంటే అక్కడ ఏడవండి. ఏదీ పిల్లా, ఆ కాగితం. ఎక్కడ పెట్టాలి?"

పెట్టింది. పెడుతూ అమ్మ వైపు చూడకుండా అంది, "ఆ మేకు తీయించమను."

"తీయను," అంది అమ్మ. "చిన్నది కొట్టిస్తాను." అని పెద్దమ్మ కాగితం లాక్కుని తనూ పెట్టింది.

ఆ సాయంత్రం షెడ్డులో నా కలంలో సిరా అయిపోయింది. తిట్టుకుంటూనే పెట్టారు. "ఆ బట్టల తాడు సంగతి తర్వాత తేలుస్తా" అని ఒకరు, "పెట్టు పెట్టు, తేల్చడానికి ఇల్లుండాలిగా" అని ఒకరు.

రిజిస్ట్రారు ఆఫీసులో ఆఫీసరు ఆ సంతకాలను ఒప్పుకోలేదు. హద్దుల వాళ్ళు స్వయంగా రావాలన్నాడు. ఎవరి పని మానుకుని ఎవరు వస్తారులే అని అతని ధీమా.

మేం ఫ్యాక్టరీ ఆపి వచ్చాం. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో వరుసలో ఇళ్ళు ఎలా ఉన్నాయో అలాగే నిలబడ్డాం. మొదట అవ్వ, పక్కన ఫిట్టరు బాబాయి, తర్వాత అమ్మ, తర్వాత పెద్దమ్మ, తర్వాత బట్టీ మామయ్య, అలా చివరిదాకా. వరండా చాలక వరుస మెట్ల మీదకు తిరిగింది. మా వీధి నడిచి వచ్చి ఆఫీసులో నిలబడినట్టుంది.

ఆఫీసరు అవ్వను చూపించాడు. "ఈమెకు ఇల్లు లేదుగా. ఆ నేల కాంట్రాక్టరుగారిది."

ఫిట్టరు బాబాయి తన పట్టా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇందులో పడమర హద్దు తప్పు రాశారు సార్. నా పడమర హద్దు ఈవిడ. దిద్దండి."

"దిద్దాలంటే రద్దు చేయాలి. మళ్ళీ వస్తుందో రాదో."

"రద్దు చేయండి."

ఆఫీసరు లోపలికి వెళ్ళి ఫోను చేశాడు. కాసేపటికి కాంట్రాక్టరు వచ్చాడు, వెనకే పోలీసులు వచ్చారు. హెడ్ కానిస్టేబులు లాఠీ ఊపుతూ, "లైను చెదరండి, ఒక్కొక్కరు రండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. వరుసను ఎక్కడో ఒకచోట తెంపాలి. మధ్యలో పొట్టిగా, బక్కగా కనిపించిన పెద్దమ్మ రెక్క పట్టుకున్నాడు.

"జరుగు."

"జరగను. నేను దీనికి తూర్పు హద్దుని," అంది పెద్దమ్మ, అమ్మను చూపిస్తూ. "ఇతనికి పడమర హద్దుని. నేను జరిగితే వీళ్ళ ఇళ్ళు ఎక్కడ మొదలవుతాయో మీ సారుకు తెలీదు."

"హద్దు గిద్దు జాంతా నై. పద."

లాక్కెళ్ళారు. చీర చెంగు కుర్చీకి పట్టుకుని చిరిగింది. అమ్మ ఆమె చేయి పట్టుకుంది. లాఠీ అమ్మ మణికట్టు మీద పడింది. పడ్డాక కూడా కొంతదూరం వదల్లేదు.

ఆమె నిలబడ్డ చోటు ఖాళీ అయింది. అమ్మ తన చోటికి తిరిగొచ్చి నిలబడింది, అటు జరగలేదు. బట్టీ మామయ్య ఇటు జరగలేదు. మనిషి పట్టేంత ఖాళీని మధ్యలో ఉంచుకుని వరుస సాయంత్రందాకా అలాగే నిలబడింది. వరండాలో పనుల మీద వచ్చిన వేరేవాళ్ళు అడిగి తెలుసుకున్నారు. కొందరు మంచినీళ్ళు తెచ్చిపెట్టారు. కొందరు వెళ్ళిపోకుండా మా వెనక నిలబడ్డారు. చీకటి పడకముందే దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టారు. ఆ నేల తనదేనన్న అవ్వ అభ్యంతరం, ఫిట్టరు బాబాయి దిద్దుబాటు కూడా తీసుకున్నారు.

మావి తీసుకోలేదు. పెద్దమ్మది, ఆమెకు అటూ ఇటూ ఉన్న మాదీ బట్టీ మామయ్యదీ తిప్పికొట్టారు. హద్దు సాక్షి హాజరు లేదట. హాజరు లేకుండా చేసిందెవరని అడిగితే ఫైలు మూసేశారు.

కాంట్రాక్టరు మెత్తగా అమ్మ దగ్గరికి వచ్చాడు. "ఆ తూర్పు పక్క సంతకం నేను పెడతానమ్మా. ఆమె ఇల్లు ఎలాగూ ఉండదు. మీ పని ఈ రోజే అయిపోతుంది."

అమ్మ వాచిన మణికట్టును ఇంకో చేత్తో పట్టుకుని ఉంది. ఆ ఇల్లు, ఆ నేల ఎన్నేళ్ళుగా ఆమె కంట్లో ఉన్నాయో నాకు తెలుసు. "నా తూర్పున మా అక్క ఉంది," అంది. "ఇంకెవర్నీ ఒప్పుకోను. ఇల్లు పోతే పోనీ."

మర్నాడు గడువు దాటిందంటూ బుల్‌డోజరు పెద్దమ్మ గుమ్మం ముందుకే వచ్చింది. అమ్మ అక్కడ నిలబడింది, మా అక్క పక్కన. మా గుమ్మంలో నేను, మిగతా గుమ్మాల్లో మిగతావాళ్ళు. గుమ్మం లేని అవ్వ, ఇటుకల కుప్ప మీద తన మిషను పక్కన. ఈసారి ఎవరి గుమ్మంలో వాళ్ళం ఊరికే నిలబడలేదు. ఒకరి చేయి ఒకరికి అందేలా రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాం. డ్రైవరు ఇంజను ఆపి, దిగి, బీడీ వెలిగించుకుని, "నాదీ అద్దె కొంపే అక్కా" అని వెళ్ళిపోయాడు.

అది గెలుపు కాదు. మా మూడిళ్ళకు ఇప్పటికీ కాగితం లేదు. పెద్దమ్మకు బెయిలు రాలేదు. ప్రభుత్వ విధులకు అడ్డుపడిందని కేసు. రైలుకట్ట పక్కన బస్తీ వాళ్ళు వచ్చి మా అక్క దగ్గర అడిగి తెలుసుకున్నారు, వరుసగా ఎలా నిలబడాలో. వచ్చే వారం వాళ్ళు అదే ఆఫీసుకు వెళ్తున్నారు. మేమూ వెనక వెళ్తున్నాం.

మొన్న జైల్లో పెద్దమ్మను చూడడానికి అమ్మా నేనూ వెళ్ళాం. కమ్మీల అవతల ఇంకా చిక్కిపోయింది. కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

"బస్తీ మీటింగులో నువ్వు మాట్లాడావట?" అని అడిగింది అమ్మను.

"ఊఁ."

"చప్పట్లు కొట్టారా?"

"కొట్టారు."

"నాకన్నా బాగా మాట్లాడావా?"

"నీకు షెడ్డులో ఒక్కళ్ళూ కొట్టలేదుగా," అంది అమ్మ. పెద్దమ్మ మొహం ముడుచుకుంది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు, అమ్మ నవ్వు మధ్యలో ఏడుపైంది.

చదువుతున్నవాళ్ళకు ఒక్క మనవి. మీ పక్కింటివాళ్ళకు మీకన్నా ముందు ఏదైనా వస్తుంది. మీ కడుపు రగులుతుంది. రగలనివ్వండి, అది మానవసహజం. కానీ ఎవరో మూడోవాడు వచ్చి, ఆ మంట మీద చలి కాచుకోవడానికి మీ ముందు చేతులు చాపినప్పుడు, జరగమంటే జరగనని చెప్పిన మా పెద్దమ్మను గుర్తు చేసుకోండి.