పన్నెండింటి వ్యాను

ఓడ ఎక్కేవాళ్ళు దిగే హోటలని దానికి పేరు. ఏ కిటికీ తెరిచినా ఇళ్ళ కప్పుల మీదుగా ఓడ పొగగొట్టం కనిపించాల్సిందే. గది అంటే ఒక్క గది కాదు, చిన్నపాటి ఇల్లే. ముందు హాలు, లోపల పడకగది, ఓ మూల పొయ్యి, ఫ్రిజ్, నాలుగు పళ్ళేలు. కింద రిసెప్షన్ గోడకి నల్లబోర్డు, దాని మీద ఓడల పేర్లు, వాటికెదురుగా రేవుకెళ్ళే వ్యాన్ల వేళలు. ఎవర్ని చూసినా కొత్త టోపీ, కొత్త చెప్పులు. పొద్దున టీల దగ్గర అందరిదీ ఒకటే మాట: మీది ఏ ఓడ, ఎన్ని రోజులు, పెట్టెలకి చీటీలు కట్టారా?

ఆ చీటీల సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకి నడవదు. ఓడ ఎక్కేరోజు ఎనిమిదింటికల్లా పెట్టెలకి రంగు చీటీ కట్టి తలుపు బయట పెట్టేయాలి. హోటలువాళ్ళు వాటిని లారీకెత్తి ముందే రేవుకి పంపేస్తారు. మనుషులు చేతిసంచీతో హాయిగా వెనకాల వ్యానులో వెళ్ళొచ్చు. హాయిగా అని హోటలువాళ్ళు అంటారు. చేతిలో ఉండాల్సింది పెట్టెలో పెట్టేసుకున్నవాళ్ళని అడిగితే తెలుస్తుంది ఆ హాయి ఏపాటిదో.

మూడో అంతస్తులో దిగిన టైలరమ్మకి పాస్‌పోర్టులు కనిపించడం లేదని తెలిసేసరికి తొమ్మిదిన్నర. పెట్టెలు గుమ్మం దాటి గంటన్నర అయింది.

టైలరమ్మకి అరవై నాలుగేళ్ళు. నలభై ఏళ్ళు మిషను తొక్కిన కాళ్ళు, ముక్కు మీద కోపం, చేతిలో మాత్రం బంగారం. కుట్టు కంటికి కనిపిస్తే అది నా కుట్టే కాదు అని పందెం కట్టే మనిషి. ఆమెతో వచ్చింది ఆడపడుచు, భర్తకి అక్క, డెబ్భై రెండేళ్ళ టీచరమ్మ. ముప్పై ఆరేళ్ళు పిల్లలకి భూగోళం చెప్పింది. సముద్రాల పేర్లన్నీ నోటికొచ్చు గానీ, ఒక్కదాంట్లో కాలు తడుపుకున్న పాపాన పోలేదు. ఇద్దరి మగవాళ్ళూ పోయాక, తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. రోజుకి పదిసార్లు పోట్లాడుకుంటారు, ఒకరు రాకుండా ఇంకొకరు టీ కూడా తాగరు.

రెండేళ్ళుగా టీచరమ్మకి మతిమరుపు. డాక్టరు మాత్రలిచ్చి, అన్నీ ఒక పుస్తకంలో రాసుకోమన్నాడు. రాయడమంటే ఆవిడకి ప్రాణం కదా, ఏం తిన్నదీ, ఎవరేమన్నదీ, తేదీ వేసి గీత కొట్టి మరీ రాస్తుంది. అయినా రెండు నెలల కిందట పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయింది. గిన్నె మాడి ఇల్లంతా పొగ. వేరే ఊళ్ళో ఉన్న ఆవిడ కొడుక్కి ఆ సంగతి చెప్పింది టైలరమ్మే. చెప్పి నాలుక కరుచుకుంది. అతను అప్పటికప్పుడు, మతిమరుపు పెద్దవాళ్ళని చూసుకునే చోట తల్లికి మంచం మాట్లాడేశాడు.

టైలరమ్మ కాళ్ళావేళ్ళా పడితే కొంచెం మెత్తబడ్డాడు. "సరే అత్తా. ఎలాగూ ఓడ టికెట్లు కొనుక్కున్నారు, వెళ్ళి రండి. ఏ తేడా రాకుండా తిరిగొస్తే అమ్మ నీ దగ్గరే ఉంటుంది. ఒక్క పొరపాటు జరిగినా నేనొచ్చి తీసుకెళ్ళిపోతాను. అప్పుడు మాత్రం అడ్డం పడకు" అన్నాడు. రోజూ పదకొండున్నరకి ఫోను చేస్తాడు. గడియారం తప్పొచ్చు గానీ అతని ఫోను తప్పదు.

అందుకే ఖాళీ లాకరు కళ్ళతో చూసినా టైలరమ్మకి నమ్మబుద్ధి కాలేదు. బీరువాలో ఉన్న ఆ ఇనుపపెట్టెలోకి చెయ్యి పెట్టి నాలుగు మూలలూ తడిమింది. దుమ్ము కూడా లేదు.

"వదినా! పాస్‌పోర్టులు మీకిచ్చి లాకర్లో పెట్టమన్నాను కదా. ఏం చేశారు?"

టీచరమ్మ సోఫాలో కూచుని కిటికీలోంచి పొగగొట్టం చూస్తోంది. "నాకిచ్చావా?" అంది.

"ఇచ్చానండీ! మొన్న, ఇక్కడే, ఈ రెండు చేతులతో!"

"ఉండు, చూస్తాను" అని టీచరమ్మ ఒళ్ళో పుస్తకం తెరవబోయింది. టైలరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొంప మునుగుతుంటే ఈవిడ రాసుకుంటానంటుందేమిటి? "ఇప్పుడా మీ రాతకోతలు!" అని పుస్తకం లాక్కుని ఎక్కడో కుక్కేసింది.

ఆ తర్వాత అరగంటలో ఆ గదిని పీకి పందిరి వేసింది. పరుపులు ఎత్తింది, తలగడల గలీబులు విప్పింది, పొయ్యి కింద సొరుగు లాగింది, ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అర దాకా చూసింది. టీచరమ్మ చేతిసంచిని సోఫా మీద బోర్లించింది. మాత్రలు, దువ్వెన, రుమాళ్ళు, కళ్ళజోడు, పెన్సిళ్ళు రాలాయి. సంచిని దులిపి పక్కన పడేసింది. ఆ గుడ్డసంచి తను కుట్టిందే, అడుగున అట్ట వేసి, పెట్టెలా నిలబడేట్టు.

"పెట్టెల్లో పోయాయి" అంది చివరికి. "దొంగజేబుల్లో పెట్టుంటారు మీరు."

దొంగజేబుల పిచ్చి టైలరమ్మది. ప్రయాణం అనుకున్న రోజునుంచి ప్రతి బట్టకీ లోపలివైపు ఒక జేబు కుట్టింది. కోట్లకి, లంగాలకి, శాలువాకి, ఆఖరికి రాత్రి తొడుక్కునే గౌనుకి కూడా. కనిపించకుండా కుట్టిందేమో, ఏ బట్టకి ఎక్కడ ఉందో కుట్టిన మనిషే తడుముకోవాలి.

ఇద్దరూ కిందికి పరిగెత్తారు. పరుగంటే టీచరమ్మ మోకాళ్ళు ఒప్పుకున్నంత మేరకే. రిసెప్షన్ అమ్మాయి విని ఏమీ ఆశ్చర్యపోలేదు. "వారానికి ఇద్దరైనా ఇలాగే వస్తారమ్మా. మీ పెట్టెలకి ఏ రంగు చీటీ?"

"పచ్చది" అంది టైలరమ్మ.

"నీలం" అంది టీచరమ్మ మెల్లగా.

"మీరూరుకోండి వదినా, నాకు తెలీదా!"

సామాన్ల గదిలో ఉండే మీసాలాయన లావుపాటి రిజిస్టరు తిరగేశాడు. "మీ గదివి నీలమేనమ్మా. పచ్చవి పొద్దున్నే వెళ్ళిపోయాయి. నీలాలు రెండో లారీకి, ఇంకా ఇక్కడే ఉన్నాయి. అదృష్టవంతులు."

టైలరమ్మకి ఆ మాటతో పోయిన ప్రాణం లేచొచ్చింది. తను రంగు తప్పు చెప్పిన సంగతి పట్టించుకునే తీరిక ఎక్కడిది? నేల మీద చతికిలబడి రెండు పెట్టెలూ తెరిచింది. ఒక్కో బట్టా తీయడం, తిరగేయడం, అస్తరు తడమడం. మొదటి కోటులో ఏమీ లేదు. లంగాల్లో లేదు. శాలువా జేబులో ఓ పిన్నీసు. గౌను తిరగేస్తుంటే మీసాలాయన మర్యాదగా గోడకేసి తిరిగాడు. పక్కన టోపీలవాళ్ళు నలుగురు నిలబడి ఉచితంగా తమాషా చూస్తున్నారు. పదకొండు బట్టలు, పదకొండు జేబులు, ఎందులోనూ లేవు.

"వ్యానెప్పుడు?" అని అడిగింది చెమట తుడుచుకుంటూ. "ఒంటిగంటకి కదా?"

"పన్నెండింటికమ్మా. అదే ఆఖరుది. ఒంటిగంటకి రేవులో గేటు మూసేస్తారు" అన్నాడు మీసాలాయన. "పాస్‌పోర్టు లేకపోతే వ్యాను ఎక్కించుకోరు కూడా."

గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. ఇంక టైలరమ్మ వల్ల కాలేదు. భయమంతా కోపమైపోయి నోటికొచ్చింది.

"చిలక్కి చెప్పినట్టు చెప్పాను, జాగ్రత్తగా పెట్టమని! మీ అబ్బాయికి ఏమని చెప్పను? ఆ మంచానికి మిమ్మల్ని మీరే పంపించుకుంటున్నారు వదినా! మీకోసం నేనెంత కొట్లాడానో తెలుసా? ఒక్క పని, ఒకే ఒక్క పని అప్పజెప్పాను!"

టోపీలవాళ్ళు చూపులు తిప్పుకున్నారు. టీచరమ్మ మొహం బడిలో మొదటిసారి తిట్టు తిన్న పిల్లలా అయిపోయింది. ఖాళీ సంచిని గుండెకి అదుముకుని, "నేనే ఎక్కడో పెట్టేసుంటానే పిల్లా. నేనే అయ్యుంటాను. ఏడవకు" అంది.

ఏడుస్తున్నది తనేనని టైలరమ్మకి అప్పుడు తెలిసింది.

అంతలో ఫోను మోగింది. పదకొండున్నర. తెర మీద మేనల్లుడి ఫొటో నవ్వుతోంది. టైలరమ్మ చేతిలో అది మోగి మోగి ఆగిపోయింది. ఎత్తకపోతే ఏమవుతుందో తెలుసు, మళ్ళీ చేస్తాడు, తర్వాత హోటలుకి చేస్తాడు. రిసెప్షన్ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. సాయంత్రానికి అతను విమానంలో దిగుతాడు. రేపీపాటికి తను ఒక్కతే ఇంటికెళ్ళి, రెండు కప్పులున్న ఆ వంటింట్లో నిలబడాలి.

"నా పుస్తకం ఇవ్వవా?" అంది టీచరమ్మ. "పొద్దున్నించీ అదే అడుగుతున్నా. రాయడానికి కాదే. చూడ్డానికి."

"నా దగ్గరెక్కడుంది?"

"నీ కోటులో. లోపలి జేబులో."

టైలరమ్మ తడుముకుంది. ఉంది. ఎప్పుడు పెట్టుకుందో ఏమో, తన దొంగజేబులోనే భద్రంగా ఉంది. టీచరమ్మకి ఇవ్వబోయి, ఆవిడ కళ్ళజోడు పైన సోఫా మీదే ఉండిపోయిందని గుర్తొచ్చి, తనే తెరిచింది. రాసిన చివరి పేజీలో నిన్నటి తేదీ, గుండ్రటి బడి అక్షరాలు.

"మధ్యాహ్నం మూడు. మరదలు లాకర్లోంచి పాస్‌పోర్టులు తీసింది. ఇనుపపెట్టెని నమ్మలేనంది. నా చేతిసంచి అడుగున అట్ట కింద పెట్టి కుట్టేసింది. కుట్టు కనిపించదు."

టైలరమ్మ రెండుసార్లు చదివింది. నిన్న మధ్యాహ్నం తను ఏం చేసింది? కిటికీ దగ్గర కూచున్నట్టు గుర్తు. ఎండ గుర్తుంది. సూది పట్టుకున్నట్టు మాత్రం గుర్తు లేనే లేదు. తీసింది తనా? కుట్టింది తనా? టీచరమ్మ సూదిలో దారం ఎక్కించి పదేళ్ళయింది.

"కత్తెర ఎక్కడ పెట్టానో..." అని వెతుక్కోబోయింది. టీచరమ్మ తన కోటు జేబులోంచి టైలరమ్మ కత్తెర తీసి ఇచ్చింది. ఎన్నాళ్ళుగా అది ఆవిడ జేబులో ఉంటోందో!

సంచి అడుగున అట్ట అంచు వెంబడి గోరుతో తడిమితే దొరికింది. సన్నటి కుట్టు, చివర మూడు ముడులు. టైలరమ్మ కాక లోకంలో ఇంకెవరూ అలా మూడు ముడులు వేయరు. తెంపేసరికి రెండు పాస్‌పోర్టులూ ఒళ్ళో పడ్డాయి. "హమ్మయ్య!" అన్నాడు మీసాలాయన, సొంతవాళ్ళవే దొరికినట్టు. చకచకా పెట్టెలు మూసి లారీవైపు దొర్లించుకుపోయాడు.

టైలరమ్మకి మాత్రం హమ్మయ్య అనిపించలేదు. చేతిలో పుస్తకం ఇంకా తెరిచే ఉంది. గాలికి పేజీలు వెనక్కి తిరిగాయి. రెండు నెలల కిందటి తేదీ.

"మరదలు పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. ఈ నెలలో మూడోసారి. నేనే పెట్టానని చెప్పాను. నమ్మింది."

దాని కింద గీత కొట్టి, ఇంకో రెండు ముక్కలు. "తనకి చెప్పకూడదు, భయపడుతుంది. అబ్బాయికి అసలే చెప్పకూడదు. తెలిస్తే ఇద్దర్నీ చెరో చోటికి పంపేస్తాడు."

టైలరమ్మకి ఆ రోజు పొగ గుర్తుంది. ఆ మాడిన గిన్నెని తనే తోమింది, తోముతూ వదినని తిట్టింది. తిట్టి, మేనల్లుడికి ఫోను చేసి చెప్పింది. ఆ పక్కనే కూచుని టీచరమ్మ అన్నీ విన్నది.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి టీచరమ్మే తీసుకుంది.

"ఆఁ, నాన్నా. వ్యాను కోసం నిలబడ్డాం... ఎత్తలేదా? పెట్టెలు సర్దుతోందిరా మీ అత్త... ఏం పారేయలేదు. నేనేం పారేస్తాను, నీ బుర్రొకటి! మీ అత్త నన్ను కంటికి రెప్పలా చూసుకుంటోంది. ఉంటా మరి, పిలుస్తున్నారు."

నిజంగానే పిలుస్తున్నారు. పైన సోఫా మీద ఉండిపోయిన మాత్రలూ కళ్ళజోడూ పెన్సిళ్ళూ రిసెప్షన్ అమ్మాయి తెచ్చి సంచిలో వేసింది. డ్రైవరు పాస్‌పోర్టులు చూసి తలూపాడు. వ్యాను కదిలి, సందు మలుపు తిరిగాక, ఇళ్ళ మధ్యలోంచి ఓడ మొత్తం ఒక్కసారిగా కనిపించింది. తెల్లగా, వీధి చివర గోడ కట్టినట్టు. టోపీలవాళ్ళందరూ ఓ అని కేక పెట్టారు. ముప్పై ఆరేళ్ళు బోర్డు మీద గీసి చూపించిన సముద్రం ఆ గోడ వెనకాల ఉంది. టీచరమ్మ దానికోసం మెడ సాచి చూస్తోంది.

టైలరమ్మ అటు చూడలేకపోయింది. "వదినా" అంది, పక్కవాళ్ళకి వినపడకుండా. "అన్నేసి మాటలన్నాను మిమ్మల్ని."

"ఎప్పుడు?"

"ఇందాక, సామాన్ల దగ్గర."

"అన్నావేమోలే" అంది టీచరమ్మ. "రాసుకోలేదుగా."

టైలరమ్మకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. అడగలేక అడగలేక అడిగింది. "నాకిలా ఎన్నాళ్ళనుంచి వదినా?"

టీచరమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఏదో గుర్తు తెచ్చుకోబోయి, దొరక్క, చెయ్యి చాచింది.

"ఏమోనే పిల్లా. పుస్తకం ఇలా ఇవ్వు, చూసి చెప్తాను."

టైలరమ్మ ఇవ్వలేదు. కొత్త పేజీ తెరిచి, తేదీ వేసి, పెన్సిలు పట్టుకుని, "చెప్పండి, నేను రాస్తాను" అంది.

"పాస్‌పోర్టులు ఇప్పుడు ఎక్కడున్నాయి?" అని అడిగింది టీచరమ్మ.

టైలరమ్మ కిందికి చూసుకుంది. ఒళ్ళో లేవు. కోటు జేబు తడిమింది, సంచి తడిమింది, మళ్ళీ కోటు తడిమింది.

"నా దగ్గరున్నాయిలే" అంది టీచరమ్మ, రెంటినీ చూపిస్తూ. "ముందు అది రాయి."